మంచం పట్టిన పేదవాళ్లను చూడడానికి వెళ్తున్నారా?

నేను నర్సుని. రోగుల ఇళ్లకు వెళ్లే మా విచారణ (మా ఊరి చర్చి) బృందంతో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. కొత్తగా చేరినవాళ్లు ముందుగా అడిగేది, "అక్కా, అక్కడ ఏ ప్రార్థన చెప్పాలి?" అని. లూకా సువార్త 10వ అధ్యాయం చదవమంటాను. ఆ కథలో మంచి సమరయుడు, దొంగలు కొట్టి పడేసిన మనిషి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద సత్రానికి చేర్చాడు, రెండు దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. అతను చేసినవన్నీ పనులే.

గుమ్మంలో నిలబడి పలకరించకండి. మంచం పక్కన కూర్చుని, "ఎక్కడ ఇబ్బందిగా ఉంది?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి.

కదలలేని మనిషైతే పడక పుండ్ల సంగతి తప్పక చూడాలి. రోగిని అడిగి, చాటు చేసి, ఇంటివాళ్ల సాయంతో ఒక పక్కకి తిప్పండి. నడుము కింది ఎముక దగ్గర, తుంటి మీద, మడమల మీద చర్మం ఎర్రబడిందేమో చూడండి. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఎరుపు తెలియదు. రంగు ముదిరిందా, వేడిగా, గట్టిగా ఉందా అని చూడాలి. వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దకండి, ఇంకా పాడవుతుంది. పిక్కల కింద దిండు పెడితే మడమలు పరుపుకి తగలవు. సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చాలని ఇంటివాళ్లకు చేసి చూపించండి, అదే రోజు డాక్టరుకో నర్సుకో చెప్పండి. పునీత కామిల్లస్ (1550–1614) స్వయంగా కాలి పుండుతో ఆసుపత్రిలో పడి ఉన్నవాడు. ఒక్కగానొక్క బిడ్డకు జబ్బు చేస్తే తల్లి చూసుకున్నట్టు రోగిని చూసుకోవాలని రోగుల సేవకు తాను స్థాపించిన సభలోని వాళ్లకు నియమం పెట్టాడు. దుప్పటి తొలగించి చూడడానికి జంకేవాళ్లకు ఆయన గురించే చెబుతాను.

తర్వాత మందులన్నీ బయట పెట్టించండి. డబ్బుల్లేక మానేసిన మందు ఏదో గద్దించకుండా అడిగితేనే చెబుతారు. మోతాదు మీరు మార్చకండి. మందు కొనిపెట్టే దారి వెతికి, మళ్లీ వచ్చే రోజు చెప్పి, ఆ రోజు తప్పకుండా వెళ్లండి.

ప్రార్థన రోగి ఒప్పుకుంటేనే. సేవ చేసే చోట విశ్వాసాన్ని ఎవరి మీదా రుద్దకూడదని పోప్ 16వ బెనెడిక్ట్ 2005లోనే తన విశ్వలేఖలో (పోప్ సంఘమంతటికీ రాసే లేఖ) స్పష్టంగా రాశారు. కతోలికులై అభ్యంగనం (ఫాదర్‌గారు రోగికి నూనె పూసి చేసే ప్రార్థన) కోరుకుంటే వెంటనే ఫాదర్‌గారికి కబురు పెట్టండి, చివరి ఘడియ దాకా ఆగనక్కర్లేదు.

బయల్దేరే ముందు రోగిని చూసుకునే మనిషిని కూడా "నిద్రపోతున్నారా?" అని అడగండి. చాలాసార్లు జవాబుగా కన్నీళ్లే వస్తాయి. మీలో ఒకరు ఇంకో గంట ఉండి, ఆ మనిషిని కాసేపు పడుకోనివ్వండి.