సామూహిక అటవీ హక్కుకు గూడెం దరఖాస్తు చేసుకునే విధానం

ఏటూరునాగారం అభయారణ్యం అంచు గూడేల్లోనైనా, కవ్వాల్ టైగర్ రిజర్వు పరిధిలోనైనా అటవీ హక్కులనగానే పోడు పట్టాలే చర్చకు వస్తాయి. పట్టా భూమి 4 హెక్టార్లకు మించదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అంతకంటే విస్తారమైన హక్కును గ్రామసభకు ఇచ్చింది. ఊరు తరతరాలుగా కాపాడుతూ, వాడుకుంటూ వస్తున్న అడవిని తానే నిర్వహించుకునే ఆ హక్కును ఫారం-సి ద్వారా కోరాలి.

ముందుగా గ్రామసభ సభ్యుల్లో సగానికి తగ్గకుండా హాజరై, హాజరైనవారిలో కనీసం మూడోవంతు మహిళలు ఉండేలా సభ జరిపి, 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి.

తరువాతి పని హద్దులు. పెద్దలను వెంటబెట్టుకొని నడుస్తూ వాగులు, గుట్టలు, దేవర చెట్లు, శ్మశానాలు, తునికాకు కోసే చోట్లు, పశువులు మేసే బీళ్లు పటంలో గుర్తించాలి. కాగితాలు లేవని వెనుకాడనవసరం లేదు, ఎందుకంటే ఇవన్నీ నియమాల ప్రకారం సాక్ష్యాలే. పెద్దలు చెప్పినది రాసి పెట్టినా చెల్లుతుంది, అయితే కనీసం రెండు రకాల సాక్ష్యాలుండాలి. పొరుగూరితో హద్దు తగాదా ఉంటే రెండు కమిటీలూ ముందే కూర్చొని తేల్చుకోవడం మేలు. కమిటీ హద్దులను పరిశీలించే తేదీని అటవీ, రెవెన్యూ శాఖలకు రాతపూర్వకంగా తెలిపి, ఆ లేఖ నకలుపై అందినట్లు సంతకం తీసుకోవాలి.

చాలామంది వదిలేసే భాగం ఒకటుంది. ఈ చట్టంలోని 5వ సెక్షన్ అడవిని, వన్యప్రాణులను, జీవవైవిధ్యాన్ని కాపాడే బాధ్యతను, అధికారాన్ని కలిపే గ్రామసభకు అప్పగించింది. కాబట్టి దరఖాస్తు దశలోనే సంరక్షణ తీర్మానం చేయడం మంచిది. ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కింద ఆకులకు నిప్పు పెట్టరాదని, తేనెపట్టులో కొంత విడిచిపెట్టాలని, తపసి జిగురు కోసం మానుకు లోతైన గాట్లు పెట్టరాదని ఊరి కట్టుబాట్లనే అందులో రాసుకోవచ్చు. ఇలాంటి తీర్మానం ముందున్నప్పుడు, మనుషులుంటే అడవి నిలవదనే వాదనకు ఊరే జవాబు చెప్పగలుగుతుంది.

వన్యప్రాణుల కోసం ఊరిని తరలించాలనే ప్రతిపాదన వస్తే 4వ సెక్షన్‌ను చూపాలి. హక్కుల గుర్తింపు పూర్తి కాకుండా, గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలిసి, రాతపూర్వకంగా అంగీకరించకుండా తరలింపు చెల్లదు. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండలపై ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు గనుల విషయంలోనూ గ్రామసభల మాటకే విలువ ఇచ్చింది.

గ్రామసభ ఆమోదించిన ఫారం, పటం, తీర్మానం డివిజన్ స్థాయి కమిటీకి అందజేసి రసీదు పొందాలి. ఆ కమిటీ తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడిగి, 60 రోజుల్లోగా కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి అప్పీలు చేయాలి.