ఎండాకాలంలో ఉగ్రస్తంభం ఎక్కి దిగడం ఎలా?

అహోబిలంలో ఉగ్రస్తంభం అనే నిటారు కొండ ఎలా ఎక్కాలో చెప్పేవాళ్లు బోలెడు మంది. ఎలా దిగాలో మాత్రం ఎవరూ చెప్పరు. నరసింహ జయంతి వైశాఖ శుద్ధ చతుర్దశి, అంటే ఎండలు మండిపోయే రోజుల్లోనే. జనం వస్తారు, తీరిగ్గా ఇడ్లీ తిని తొమ్మిదింటికి బయల్దేరతారు, మనిషికో అర లీటరు సీసా. మిట్టమధ్యాహ్నం కొండ మీద నుంచి డోలీల కోసం కేకలు. చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నా.

ముందురోజు

రాత్రికి దిగువ అహోబిలంలో పడుకోండి. హైదరాబాద్ నుంచి రాత్రంతా కారు తోలుకుంటూ వచ్చి, మొహం కడుక్కుని నేరుగా కొండెక్కేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. కొండెక్కడం మొదలయ్యే ఎగువ అహోబిలం అక్కడికి ఎనిమిది కిలోమీటర్లే కాబట్టి తెల్లవారుజామున చేరుకోవచ్చు. ఇది పులుల అభయారణ్యం ఉన్న నల్లమల, ఎండాకాలంలో కార్చిచ్చు భయం కూడా ఉంటుంది. దారి తెరిచి ఉందో లేదో సాయంత్రమే అటవీ సిబ్బందిని అడగండి. గైడును కూడా అప్పుడే మాట్లాడుకోండి, డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా, గైడెందుకు అనేవాళ్లతో నేను వాదించను, వాళ్లతో కొండకు కూడా వెళ్లను.

సామాను

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలపాలి, చిన్నది గ్లాసు నీళ్లలో, ఏది దేనికో ప్యాకెట్టు మీదే రాసి ఉంటుంది, పెద్దదాన్ని గ్లాసులో పోసుకుని తాగకండి. పులిహోర, నాలుగు అరటిపళ్లు, టోపీ, తువ్వాలు, కర్ర. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. మొక్కు ఉండి వట్టికాళ్లతో వెళ్తామంటే మీ ఇష్టం, కానీ పది దాటాక బండ మీద కాలు పెట్టి చూడండి. అన్నీ వీపు సంచిలోనే ఉండాలి. చేతిలో కవరు కనిపించిందా, కోతి లాక్కుపోతుంది. జీన్సు వేసుకోవద్దు. ఇందులో చర్చ లేదు.

ఎక్కడం

అయిదున్నరకు, కాస్త వెలుతురు రాగానే కదలండి. అంతకన్నా ముందు టార్చి లైట్లతో వెళ్లకండి, చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే వేళ అది. భవనాశిని వాగు పక్కన, రాళ్ల మీదుగా, మెట్ల మీదుగా జ్వాలా నరసింహస్వామి గుడి దాకా దారి మామూలుగానే ఉంటుంది. వానాకాలం ఫొటోలు చూసి జలపాతం కింద తడుద్దామని వస్తే మాత్రం మేలో అక్కడ సన్నటి ధార దొరికినా గొప్పే. ఎండాకాలం నల్లమలలో చాలా చెట్లు ఆకు రాల్చేసి మోడుల్లా నిలబడతాయి. అడవి కదా, నీడ ఉంటుందిలే అనుకుని టోపీ రూములో వదిలేసి వచ్చేవాళ్లకు ఇది తెలియదు.

జ్వాల దగ్గర దర్శనం చేసుకుని, ఏదైనా తిని, పది నిమిషాలు కూర్చోండి. అక్కడి నుంచి స్తంభం దాకా అసలు నిటారు. బండలు, వేర్లు, చేతులు కూడా వాడాలి. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని నమ్మకం, దూరం నుంచి చూస్తే కొండ నిలువునా చీలినట్టే ఉంటుంది. పైన జెండా, స్వామివారి పాదాలు ఉంటాయి. అక్కడ కర్పూరం మాత్రం వెలిగించకండి. కింద ఎండుటాకు, పైన గాలి. దండం పెట్టుకుంటే చాలు.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టుకోండి: ఎనిమిదిన్నరకు ఎక్కడున్నా సరే, అక్కడి నుంచి వెనక్కి. "ఇంకో పావుగంటే సార్" అని పైనుంచి వచ్చేవాళ్లు చెప్పే మాట నమ్మొద్దు, వాళ్లు దిగుతున్నారు, మీరు ఎక్కుతున్నారు.

స్తంభం నుంచి జ్వాల దాకా దిగడం

ఇక్కడే అందరూ పాడు చేసుకునేది, కాబట్టి ఇది మాత్రం నెమ్మదిగా చదవండి. ఎక్కేటప్పుడు కళ్లు ఎదుటి రాయి మీదే ఉంటాయి, చేయి ఎక్కడ పెట్టాలా అని చూస్తూ పోతాం. దిగేటప్పుడు దర్శనం అయిపోయిందన్న నిశ్చింత, ఎదురుగా లోయ, చేతిలో ఫోన్. అప్పటికే తొడలు వణుకుతుంటాయి. పైగా ఎండుటాకులు. రెండు బండల మధ్య మోకాలి లోతు సందు ఉన్నా ఆకులు నిండి చదునుగా కనిపిస్తుంది, నమ్మి కాలేస్తే చీలమండ మడతపడుతుంది. అందుకని ఆకుల మీద అడుగేసే ముందు కర్రతో పొడిచి చూడాలి, కర్ర దిగిపోతే అక్కడ కాలు పెట్టొద్దు.

మరీ నిటారుగా ఉన్నచోట కర్రను సంచికి తగిలించేయండి, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. కొండ వైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగండి. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆని ఉండాలి, ఒక్కటే కదలాలి. లోయ వైపు తిరిగి, వీపు బండకు ఆనించి జారుతూ దిగడమే సులువని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ పద్ధతిలో వెనక సంచి రాతికి తగిలి మనిషిని ముందుకు తోస్తుంది, అది వాళ్లెవరూ చెప్పరు. నడుమెత్తు బండలయితే కూర్చుని దిగొచ్చు, తప్పులేదు, సిగ్గూ లేదు.

చేతికి ఏది పట్టుకుంటున్నారో చూసుకోండి. మేలో ఎండిన కొమ్మకు, బతికున్న కొమ్మకు తేడా కంటికి తెలియదు, రెండింటికీ ఆకుండదు. కొత్త తెల్ల బూట్లేసుకున్న కుర్రాడొకడు చిటికెన వేలంత ఎండు వెదురు పట్టుకుని బరువంతా దాని మీద వేయబోయాడు. గైడు వాడి సంచి పట్టి వెనక్కి లాగి, "వేరు పట్టుకో నాయనా, కొమ్మ కాదు" అన్నాడు. వేరయినా సరే, ముందు ఓసారి గట్టిగా లాగి చూడాలి. అది కదిలితే ఇంకోటి వెతుక్కోవాలి.

మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలి, ఒకరి తల మీద ఇంకొకరి కాలు వద్దు. రాయి కదిలిందా, వెంటనే "రాయి!" అని అరవండి, నామస్మరణ తర్వాత చేసుకోవచ్చు. గైడును అందరికన్నా ముందు నడిపిస్తారు చాలామంది, నాకది నచ్చదు. అందరిలో భయపడేవాళ్లు ఎవరో వాళ్లకు ఒక్క అడుగు కింద ఉండాలి గైడు, కాలు ఎక్కడ పెట్టాలో చేత్తో చూపించాలి. పిల్లలుంటే పెద్దవాళ్లు కింద, పిల్లలు పైన. కబుర్లు జ్వాల చేరాక చెప్పుకోవచ్చు.

మధ్యలో ఎవరికైనా కళ్లు తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా నీడ చూసి కూర్చోబెట్టండి, ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించండి. మనిషి తికమకగా మాట్లాడుతుంటే, లేదా ఒళ్లు కాలిపోతుంటే అది ఎండదెబ్బ, ఇక ఆలస్యం పనికిరాదు. బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, తువ్వాలుతో విసురుతూ ఉండాలి, ఒకరు సాయం కోసం కిందికి పరుగెత్తాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

జ్వాల నుంచి కిందికి

ఇక్కడ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మోకాళ్లు నొప్పెడతాయి, కర్ర మళ్లీ చేతిలోకి తీసుకోండి. పదకొండున్నరకల్లా ఎగువ గుడి దగ్గరుంటారు. మజ్జిగ తాగండి. ఇక్కడ జట్టులో ఒకరు తప్పకుండా లేస్తారు, "ఇంతదూరం వచ్చాం, మాలోల, పావన నరసింహుల గుళ్లు కూడా ఇవాళే చూసేద్దాం" అని. పావన నరసింహస్వామి దగ్గరికి జీపులో వెళ్లొచ్చు, కానీ ఆ రాళ్ల దారిలో ఆ కుదుపులు ఈ కాళ్లతో పడలేరు. రేపు పొద్దున వెళ్దామని చెప్పి పడుకోబెట్టండి.