బరువు తగ్గే ముందు క్రియాటినిన్ టెస్ట్ చేయించుకోండి

మన సిక్కోలు వైపు బరువు తగ్గుదామని మొదలెట్టేవాళ్ళకి ఒక మాట, ముఖ్యంగా కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఆ ఉద్దానం ఊళ్ళ వాళ్ళకి. జిమ్‌లో చేరగానే ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనేయకండి, ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది) ఎంతుందో, మూత్రంలో ప్రొటీన్ పోతోందో లేదో టెస్ట్ చేయించుకోండి. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పీ ఉండదు, వాపూ ఉండదు, బయటకి ఏటీ తెలీదు, అలాంటప్పుడు ప్రొటీన్ ఎక్కువ తింటే ఉన్న కిడ్నీ మీద ఇంకా భారం పడుద్ది. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఒక పూట తిండి మానేయొద్దు, షుగర్ డౌన్ అయి కళ్ళు తిరిగి పడిపోవచ్చు.

రిపోర్ట్ బాగుంటే కంగారు లేదు. వారానికి అరకేజీ, మహా అయితే కేజీ తగ్గితే చాలు. అన్నం మానక్కర్లేదు గానీ మారు వడ్డించుకోకండి, కంచంలో సగం ఆనపకాయో బెండకాయో కూర, పావు వంతు అన్నం, మిగతా పావు పప్పో గుడ్డో చేపల పులుసో. పొద్దున్న చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ అది తాగేసి మళ్ళీ నాలుగు ఇడ్లీలు తింటే ఏం లాభం. పలాస జీడిపప్పు 30 గ్రాములకి సుమారు 165 క్యాలరీలు, టీవీ చూస్తా గిన్నెలోంచి తింటే మూడు గుప్పెళ్ళు ఇట్టే అయిపోతాయి.

నడక మొదలెట్టాక మోకాళ్ళు నొప్పెడితే రెండ్రోజులు ఆగండి, అంతేగానీ మెడికల్ షాపులో పెయిన్ కిల్లర్ అడిగి రోజూ వేసుకోకండి, అవి కిడ్నీల్ని పాడుచేస్తాయి.