బెండకాయ వేపుడు వచ్చా? అయితే నోపాలెస్ కూడా వచ్చినట్టే

అమెరికాలో మెక్సికన్ కూరగాయల షాపుకి వెళ్తే కొత్తిమీర పక్కనే అరచేయంత పచ్చటి క్యాక్టస్ మట్టలు పేర్చి ఉంటాయి, అవే నోపాలెస్. మన చేలగట్ల మీద కనిపించే నాగజెముడుకి దగ్గరి చుట్టం. మెక్సికో జెండా మీద గద్ద కూర్చున్నది కూడా ఈ జాతి మీదే.

లేతవి, పల్చటివి తీసుకోండి, ముదిరితే పీచు. ముళ్లు తీసేసినవి కూడా అమ్ముతారు, మొదటిసారికి అవే నయం. ముళ్లున్నవే దొరికితే మట్టని పట్టకారుతో పట్టుకుని, కత్తిని దాదాపు పడుకోబెట్టి బుడిపెల్ని గీకేయండి. తొక్క మొత్తం తీయక్కర్లేదు. చుట్టూ అంచు సన్నగా కోసి, మొదలు దగ్గర గట్టి భాగం తీసేసి, బాగా కడగాలి. పెద్ద ముళ్లతో భయం లేదు, కంటికి ఆనని నూగుముళ్లే అసలు టెన్షన్, గుచ్చుకుంటే నోటితో పీకొద్దు, సెలోటేప్ అంటించి లాగండి.

ఇక జిగురు, బెండకాయకున్నట్టే దీనికీ ఉంటుంది. మెక్సికోలో చాలామంది ఉల్లిపాయ, ఉప్పు వేసి నీళ్లలో ఉడికించి వార్చేస్తారు, సలాడ్‌కి అదే బాగుంటుంది. నాకు మాత్రం వేపుడే ఇష్టం: వేలెడంత ముక్కలు కోసి, వెడల్పు మూకుడులో చెంచా నూనె, ఉల్లిపాయ, ఉప్పు వేసి, మూతపెట్టి సన్న సెగ మీద మగ్గనివ్వండి. బోలెడు జిగురు నీళ్లు ఊరతాయి, కంగారుపడి పారబోయకండి. మూత తీసి మంట పెంచితే 15–20 నిమిషాల్లో ఆ జిగురంతా ఇగిరిపోయి, ముక్కలు ముదురు ఆకుపచ్చకి తిరుగుతాయి. అప్పుడు పచ్చిమిర్చి, మూడు గుడ్లు కొట్టి కలిపితే టోర్టిల్లాలోకి, చపాతీలోకి కూడా సూపర్.

రుచి కొంచెం పుల్లగా ఉంటుంది, అందుకని పప్పులో వేస్తే చింతపండు తగ్గించండి. పెరట్లో పెంచుకునేవాళ్లకి ఒక చిట్కా: ఈ మొక్క రాత్రి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని పులుపుగా దాచుకుని పగలు వాడేసుకుంటుంది, కాబట్టి పొద్దున్నే కోస్తే పులుపు ఎక్కువ, సాయంత్రం కోస్తే తక్కువ.

కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్ని అడిగి తినండి, ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ. ఇది చదివి ఊళ్లో కంచెకున్న జెముడు మాత్రం కోసుకురాకండి బాబూ. తుంచితే పాలు కారేది అసలు క్యాక్టసే కాదు, ఆ పాలు విషం, కంట్లో పడ్డా ప్రమాదమే.