పాత డెస్క్‌టాప్ అప్‌గ్రేడ్: ముందు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవండి

నరసరావుపేటలో మా రిపేరు షాపుకి ఇప్పటికీ 775 సాకెట్ (పాత ఇంటెల్ ప్రాసెసర్లు కూర్చునే గూడు) మెషీన్లు వస్తూనే ఉన్నాయి. ఎక్కువగా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చి ప్రింటింగ్‌కి ఇచ్చే పని) వాళ్లవి. పేజీలు కూర్చే పేజ్‌మేకరూ, 'అను' తెలుగు ఫాంట్లూ పాత విండోస్ ఎక్స్‌పీలో కుదురుగా నడుస్తున్నాయి, ఏళ్ల తరబడి కొట్టిన శుభలేఖల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, ఇక మెషీన్ ఎందుకు మారుస్తారు? మార్చమని నేనూ అనను. "బాబాయ్, స్లో అయిపోయింది, క్వాడ్‌కోర్ వేసెయ్" అంటే మాత్రం కాస్త ఆగమంటాను. ఆ నాలుగు కోర్ల ప్రాసెసర్ చిప్ సాకెట్‌లో పడుతుంది, నిజమే. దానికి కరెంటు ఎక్కడినుంచి వస్తుంది, దాని వేడి ఎటు పోతుంది అన్నది తేల్చుకోకుండా డబ్బు పెట్టకూడదు.

మా దగ్గర మామూలుగా కనిపించే మెషీన్‌నే తీసుకుందాం. ఇంటెల్ జీ31 చిప్‌సెట్ బోర్డు, పెంటియం డ్యూయల్‌కోర్ ఈ5300, 1 జీబీ డీడీఆర్2 ర్యామ్, 80 జీబీ హార్డ్‌డిస్క్, పైన పెద్దక్షరాలతో "450 వాట్లు" అని రాసిన ఎస్‌ఎంపీఎస్ (మెషీన్‌కి కరెంటు ఇచ్చే డబ్బా).

ఆ 450ని నమ్మకండి. స్టిక్కర్ మీద చిన్న పట్టిక ఉంటుంది, అందులో +12వీ గడి చూడండి. చవక రకాల్లో అక్కడ 16 ఆంప్స్ అనో, ఇంకా తక్కువో ఉంటుంది. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, హార్డ్‌డిస్క్ మోటారు, ఫ్యాన్లు అన్నీ బతికేది ఈ లైను మీదే. మిగతా వాట్లు 3.3, 5 వోల్టుల లైన్లలో ఉంటాయి, మన పనికి పెద్దగా అక్కరకు రావు. పైగా లోపల కెపాసిటర్లు ముసలివైపోయి ఉంటాయి కాబట్టి 192లో 70 శాతమే లెక్కలోకి తీసుకుంటాను. అంటే 135 వాట్లు చేతిలో ఉన్నట్టు.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. ఈ5300 టీడీపీ (చిప్ నిండు పనిలో విడుదల చేసే వేడి లెక్క) 65 వాట్లు. బోర్డు మీది రెగ్యులేటర్ దగ్గర కొంత వృథా అవుతుంది కనుక 12 వోల్టుల లైను నుంచి 80 లాగుతుందనుకోండి. హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో 2 ఆంప్స్ దాకా, అంటే 24 వాట్లు. ఫ్యాన్లకి 6. మొత్తం 110. ఫరవాలేదు, 25 వాట్లు మిగిలాయి. అదే క్వాడ్‌కోర్ క్యూ6600 పెడితే? అందులో తర్వాత వచ్చిన జీ0 రకానికే 95 వాట్లు, మొదటి బీ3 రకానికి 105. జీ0 అయినా లైను మీద దాదాపు 119 పడుతుంది, డిస్కూ ఫ్యాన్లూ కలిపితే 149. హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టినా 125 దగ్గర అంచున నడవాలి, ఆ మీద చిన్న గ్రాఫిక్స్ కార్డు వేస్తే దాటిపోతుంది.

అందుకే నేను వేసేది రెండు కోర్ల ఈ8400 (కోర్ 2 డ్యుయో). టీడీపీ అదే 65 వాట్లు, కానీ 2.6 గిగాహెర్ట్‌జ్ కాస్తా 3.0 అవుతుంది, క్యాష్ (చిప్‌లోని చిన్న మెమరీ) 2 ఎంబీ నుంచి 6కి పెరుగుతుంది, ఎఫ్‌ఎస్‌బీ (ప్రాసెసర్ బోర్డుతో మాట్లాడే దారి వేగం) 800 నుంచి 1333కి వెళ్తుంది. పేజ్‌మేకర్‌కి నాలుగు కోర్లు ఇచ్చినా ఒక్కటే వాడుకుంటుంది, దానికి కావలసింది గిగాహెర్ట్‌జే. కొనేముందు బోర్డు కంపెనీ ఇచ్చిన ప్రాసెసర్ల లిస్టు చూడండి. ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. చిప్ మీద ఎస్‌ఎల్‌ఏపీఎల్ అని ఉంటే సీ0 స్టెప్పింగ్ (అదే చిప్‌లో ఒక తయారీ వెర్షన్), ఎస్‌ఎల్‌బీ9జే అని ఉంటే ఈ0. బోర్డులోని పాత బయోస్‌కి (మెషీన్‌ని లేపే ప్రోగ్రామ్) మొదటిది తెలిసి రెండోది తెలియకపోవచ్చు. కాబట్టి బయోస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే, యూపీఎస్ మీద పెట్టి చేసుకోవాలి. ఇక 945 చిప్‌సెట్ బోర్డుల్లో అయితే చాలావాటిలో ఈ8400 లాంటి 45 నానోమీటర్ చిప్‌లు అసలు బూట్ కావు.

నిజం చెప్పాలంటే స్పీడు తేడా కంటికి కనిపించేది ప్రాసెసర్‌తో కాదు, ఎస్‌ఎస్‌డీతో. వాట్లు పెరగవు సరికదా తగ్గుతాయి: సాటా ఎస్‌ఎస్‌డీ 5 వోల్టుల లైను నుంచి రెండు మూడు వాట్లు తీసుకుంటుంది, 12 మీద భారమే ఉండదు. ఈ బోర్డుల్లోని ఐసీహెచ్7 చిప్ ఏహెచ్‌సీఐ (డిస్క్‌తో మాట్లాడే కొత్త పద్ధతి) ఇవ్వదు, పాత ఐడీఈ మోడే. ఎక్స్‌పీకి అదే సుఖం, విడిగా డ్రైవర్ ఎక్కించే పని ఉండదు. కాకపోతే ఎక్స్‌పీ తన మొదటి పార్టిషన్‌ని 63వ సెక్టార్ నుంచి మొదలుపెడుతుంది, ఎస్‌ఎస్‌డీకి ఆ కొలత పడదు, రాతలు నెమ్మదిస్తాయి. పార్టిషన్‌ని ముందే విండోస్ 7 మెషీన్‌లోనో లినక్స్‌లోనో చేసి, ఎక్స్‌పీని అందులో పోయండి. ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే పాత తేడా కూడా వచ్చేస్తుంది, అలైన్‌మెంట్ (ఆ మొదలుని సరిచేసే) ఆప్షన్ ఉన్న టూల్ వాడండి. ఎక్స్‌పీకి ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల చోటు ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఆదేశం) తెలియదు కనుక డిస్క్‌లో ఐదో వంతు పార్టిషన్ చేయకుండా ఖాళీగా వదిలేయండి.

ర్యామ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జీ31 గరిష్ఠం 4 జీబీ, 32 బిట్ ఎక్స్‌పీ అందులో మూడు పైచిలుకే చూస్తుంది. 2 జీబీ స్టిక్కులు జంటగా వేస్తే సరి.

వేడి దగ్గరికి వద్దాం. డిసెంబర్‌లో టెస్ట్ చేసి పంపిన మెషీన్ మేలో ఎందుకు ఆగిపోతుంది? హీట్‌సింక్ (చిప్ మీద కూర్చునే లోహపు రెక్కల దిమ్మ) ప్రాసెసర్‌ని గది వేడి కంటే ఫలానా డిగ్రీలు పైన ఉంచగలదు, అంతే. గది 25 నుంచి 43కి పోతే కోర్ కూడా 18 డిగ్రీలు పైకి పోతుంది. మా ఊళ్లో రేకుల షెడ్డు కింద నడిచే షాపులున్నాయి, 43 అనేది అక్కడ మామూలు మాట. ఈ5300తో వచ్చే పొట్టి అల్యూమినియం హీట్‌సింక్ 65 వాట్ల చిప్ కోసమే. క్వాడ్‌లతో వచ్చేది ఎత్తుగా, మధ్యలో రాగి దిమ్మతో ఉంటుంది. పొట్టిదాని కింద 95 వాట్ల చిప్ పెట్టి మే నెల గడుపుతామంటే కుదరదు.

హీట్‌సింక్ విప్పాక ఎండిపోయిన బూడిదరంగు పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కందిగింజంత కొత్తది మధ్యలో పెడితే చాలు. అసలు తేడాలొచ్చేది హీట్‌సింక్‌ని బోర్డుకి పట్టి ఉంచే నాలుగు పిన్నుల దగ్గర. విప్పేటప్పుడు వాటిని బాణం వైపు తిప్పి ఉంటారు, బిగించే ముందు వెనక్కి తిప్పాలి. తర్వాత ఎదురెదురు మూలలు నొక్కండి, నాలుగు సార్లు టక్‌మని వినపడాలి. బోర్డు వెనక టార్చి వేసి చూడండి: తెల్ల కాళ్ల మధ్యలోంచి నల్ల పిన్ను బయటికి పొడుచుకొచ్చి ఉండాలి. ఒక్కటి రాకపోయినా హీట్‌సింక్ ఒక మూల లేస్తుంది, ఎంత మంచి పేస్టయినా దండగ. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది. క్యాబినెట్ వెనక ఫ్యాన్ లేకపోతే 80 లేదా 120 మిల్లీమీటర్లది, ఏది పడితే అది, గాలి బయటికి తోసేలా బిగించండి.

గ్రాఫిక్స్ కార్డు డీటీపీకి అవసరం లేదు. తప్పదంటే విడిగా 6 పిన్ వైరు అడగనిదే తీసుకోండి. జీటీ 710 అయితే 19 వాట్లు, మన 25లో ఇముడుతుంది.

అన్నీ పెట్టాక, ప్రాసెసర్‌కి నిండు పని పెట్టే ప్రైమ్95 నడిపి మల్టీమీటర్ తీయండి. ప్రాసెసర్ పక్కన 4 పిన్ కనెక్టర్‌లో పసుపు వైరు వెనక నుంచి ఒక ప్రోబ్, నల్ల వైరుకి ఇంకొకటి. ప్రోబ్ జారి పసుపు, నలుపు తగలకుండా జాగ్రత్త. అనుమతించే హద్దు 11.4 నుంచి 12.6 వోల్టులు. ఖాళీగా ఉన్నప్పుడు 12.1 చూపించి, లోడ్ పడగానే 11.3కి జారితే ఆ ఎస్‌ఎంపీఎస్ పని అయిపోయినట్టే. దాన్ని విప్పి బాగుచేసే సరదా వద్దు, లోపలి పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు అలాగే ఉంటుంది. 80 ప్లస్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందనే) ముద్ర ఉండి 12 వోల్టుల మీద 25 ఆంప్స్ పైన ఇచ్చేది కొత్తది కొనండి. వేడి స్పీడ్‌ఫ్యాన్ అనే ప్రోగ్రామ్‌లో కనిపిస్తుంది. అరగంట లోడ్ మీద, మధ్యాహ్నం పూట, 80 లోపు ఉంటే నేను సంతకం పెడతాను. ఈ చిప్‌లు 100 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి.

ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల నెత్తి ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఇవేవీ చేయకండి. అటువంటి బోర్డుకి కొత్త చిప్ వేయడం కంటే పనిచేసే సెకండ్‌హ్యాండ్ బోర్డు వెతకడం మేలు. అలాగే విండోస్ 11 ఆశ కూడా పెట్టుకోవద్దు: 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేనిదే అది బూట్ కాదు, ఈ కోర్ 2 తరం చిప్‌లలో అది లేదు. ఇంటర్నెట్ కావాలంటే రెండో పార్టిషన్‌లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకోండి. ఎక్స్‌పీకి నెట్ కేబుల్ మాత్రం ఇవ్వకండి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తేవచ్చు.