గాజు ప్లేటు మీద రంగు పెచ్చులు లేచింది, ఎందుకో ఇప్పుడు తెలిసింది

మామూలు కిటికీ గాజు మీద పువ్వులేసి కిల్న్‌లో (గాజు కాల్చే కొలిమిలో) పెట్టా, 650 డిగ్రీల దగ్గర రంగు కరగలేదు, గరుకు కాగితంలా ఉండిపోయింది, సరేలే అని 800కి పెంచితే రంగు మెరిసింది గానీ గాజు అంచులు గుండ్రంగా తిరిగిపోయాయి, చల్లారాక రంగంతా పెచ్చులు పెచ్చులుగా లేచింది. అప్పుడు డబ్బా తిప్పి చూస్తే అది రాగి మీద వేసే ఎనామిల్ (వేడికి కరిగి అతుక్కునే గాజు పొడి రంగు) అండీ, తప్పు నాదే! వేడికి రంగు, గాజు రెండూ ఒకేలా వ్యాకోచించాలి, లేకపోతే చల్లారాక ఇలా పెచ్చులు లేస్తుంది, పైగా గాజు మెత్తబడకముందే రంగు కరగాలి. ఇప్పుడు 580-650 మధ్య కరిగే గాజు ఎనామిలే కొంటున్నా, పూత పల్చగా వేసి ముందు అదే గాజు ముక్క మీద కాల్చి చూస్తా. కొన్ని ఎనామిల్ రంగుల్లో సీసం ఉంటుంది, అందుకే తినే ప్లేట్లకి వాడట్లేదు.