బెంగళూరులో బ్యాంకు సిబ్బంది మీ డబ్బు గురించి నోరు జారితే ఫిర్యాదు చేయడం ఎలా?

కౌంటర్లో అడిగే ప్రతి ప్రశ్నా తప్పు కాదు. పెద్ద మొత్తం జమ చేస్తే ఎక్కడిదని అడగొచ్చు, కేవైసీ నిబంధనలే అడగమంటాయి. 'ఇంత డబ్బుందని మీ ఆయనకు తెలుసా?', 'ఒక్కరే ఉంటారుగా, ఈ ఎఫ్‌డీ ఎవరికోసం?' లాంటివి మాత్రం ఏ ఫారంలోనూ ఉండవు. మీ బ్యాలెన్సు క్యూలో అందరికీ వినిపించేలా చదివితే గోప్యతకూ భంగమే. ఆర్‌బీఐ 2014లో తెచ్చిన ఖాతాదారుల హక్కుల పత్రంలో మర్యాద, గోప్యత రెండూ ఉన్నాయి.

అక్కడే వాదనకు దిగకండి. కౌంటర్ నంబరు, టైము, బ్యాడ్జీ మీద పేరు చూసుకుని బయటికొచ్చి వెంటనే ఫోన్లో రాసుకోండి. ఓచర్, టోకెన్ స్లిప్పు పారేయొద్దు, ఆ సమయంలో మీరు అక్కడున్నారనడానికి అవే రుజువు.

అదే రోజు బ్రాంచి మేనేజరుకు ఈమెయిల్ పెట్టండి. చాలా ఫిర్యాదులు వీగిపోయేది ఇక్కడే. 'మీ స్టాఫ్ ప్రవర్తన బాగాలేదు' అని రాస్తే 'సిబ్బందికి తగిన సూచనలిచ్చాం' అని ఒక్క ముక్కతో ఫైలు మూసేస్తారు. ఇలా రాయండి: '12వ తేదీ ఉదయం 11:20, రెండో కౌంటర్. నా పాస్‌బుక్ చూసి, "ఇంటాయన సంపాదనంతా మీ ఖాతాలోకే లాగేశారే" అని పక్కవాళ్లకు వినిపించేలా అన్నారు.' బెంగళూరులో ఆ మాట కన్నడంలోనో ఇంగ్లీషులోనో అని ఉండొచ్చు. అన్నది అన్నట్టే రాసి, కింద అర్థం ఇవ్వండి. ఆ టైము సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని కూడా అడగండి, పాతది చెరిగిపోతూ ఉంటుంది. ఫిర్యాదు నంబరు తప్పనిసరిగా తీసుకోండి.

'వదిలేయండి మేడమ్' అంటూ బ్రాంచి నుంచి ఫోన్ రావడం మామూలే. ఆ మాటే మెయిల్లో రాయమనండి.

జవాబు నచ్చకపోతే బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాయండి. వివరాలు బ్రాంచి నోటీసు బోర్డు మీద ఉంటాయి. మొదటి ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో బదులు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో ఉచితంగా నమోదు చేయొచ్చు. 14448కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. లాయరు ద్వారా పంపితే తీసుకోరు, మీ పేరుతోనే పెట్టాలి. అధికారుల మీద సాధారణ ఆరోపణలను తిరస్కరిస్తారు, అందుకే ఆ ఒక్క సంఘటనకే కట్టుబడండి. ఉద్యోగిని శిక్షించడం అంబుడ్స్‌మన్ పని కాదు, బ్యాంకు సేవాలోపం తేల్చడమే.

మాటలో లైంగిక ధ్వని ఉంటే దారి వేరు. పనిచోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం కింద బ్యాంకు అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు రాయండి. బాధితురాలు అక్కడ ఉద్యోగే కానక్కర్లేదు, ఖాతాదారైనా చాలు. ఈ సంగతి కొన్ని బ్రాంచీల్లో మేనేజర్లకే తెలియదు. స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటకు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 79వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. బెంగళూరులో ఏ స్టేషన్‌కు వెళ్లినా, తమ పరిధి కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందే, మీరు చెప్పేది మహిళా అధికారే నమోదు చేయాలి. పోలీసు కేసు ఉందని అంబుడ్స్‌మన్ ఫిర్యాదు ఆగదు.